టై తీసేస్తే క్యాజువల్ అయిపోతుందనుకున్నాను: నా అనుభవం

11 ఏళ్ల పాటు ఆఫీసుకి టీషర్టు, జీన్స్‌తోనే వెళ్లాను. కోడ్ రాసుకునేవాడి బట్టలు ఎవరు చూస్తారు? తర్వాత పని మారింది. కోడ్ రాయడం పోయి, ఆ కోడ్ ఏం చేస్తుందో కస్టమర్ల ముందు నిలబడి వివరించే పని వచ్చింది. జీతంతో పాటు మెయిళ్ల చివర ఒక కొత్త లైను కూడా వచ్చింది. డ్రెస్ కోడ్: బిజినెస్ ఫార్మల్, అంటే సూటు, టై. ఇంకోదాంట్లో బిజినెస్ క్యాజువల్. వేరేదాంట్లో స్మార్ట్ క్యాజువల్. ఈ రెండూ అంతకంటే సడలింపు ఉన్నవే. ఒకే నెలలో మూడూ తగిలాయి.

బీరువా తెరిస్తే కోటు అనేది ఒక్కటే ఉంది. పెళ్లి రిసెప్షన్‌కి కుట్టించుకున్న నల్ల సూటు. మిగతావన్నీ టీషర్టులు, రెండు గళ్ల చొక్కాలు, మోకాళ్ల దగ్గర తెల్లబడిన జీన్స్, పరుగుకి వాడే బూట్లు.

మొదట వచ్చింది స్మార్ట్ క్యాజువల్ డిన్నర్. నేను లెక్కల మనిషిని కదా, లెక్క వేశాను. నల్ల సూటు కోటు అంటే ఫార్మల్. జీన్స్ అంటే క్యాజువల్. రెండూ కలిపితే సగటున స్మార్ట్ క్యాజువల్ రావాలి. పైన కోటు, లోపల టీషర్టు, కింద జీన్స్. అద్దంలో చూసుకుంటే ఏదో తేడాగానే అనిపించింది కానీ టైం అయిపోతోందని బయల్దేరాను.

డిన్నర్లో కొత్త టీంలో ఒకాయన పలకరించి, కాసేపు నా వైపు చూసి, చాలా మర్యాదగా అడిగాడు: "ఏమండీ, దారిలో ప్యాంటు మీద ఏమైనా ఒలికిందా?"

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక మాట రాలేదు. ఆయన ఎగతాళి చేయలేదు, నిజంగానే అడిగాడు. సూటు వేసుకుని బయల్దేరి, మధ్యలో ప్యాంటు పాడై, దొరికిన జీన్స్ వేసుకుని వచ్చినవాడిలా ఉన్నాను. ఆ రాత్రి ఫోటోలు చూసుకుంటే నాకూ అలాగే కనిపించింది. కోటు ఒక ఊరికి, జీన్స్ ఇంకో ఊరికి బయల్దేరి మధ్యలో నా ఒంటి మీద కలుసుకున్నట్టుంది.

ఆ శనివారం కోటు సంచిలో పెట్టుకుని టైలర్ మాస్టారి దగ్గరికి వెళ్లాను. జరిగింది చెబితే ఆయన నవ్వలేదు. కోటు తీసి బల్ల మీద పరిచి, బొటనవేలు, చూపుడువేలు మధ్య గుడ్డని రుద్ది చూపించారు.

"ఇలా పట్టుకోండి బాబూ. ఎలా ఉంది?"

"నున్నగా ఉంది."

"ఇప్పుడు మీ జీన్స్ పట్టుకోండి."

గరుకుగా ఉంది. అంతే, సగం పాఠం అక్కడే అయిపోయింది. సూటు గుడ్డ సన్నని ఉన్ని నూలుతో నున్నగా, కాస్త మెరుపుతో నేస్తారు. డెనిమ్ మందంగా, మోటుగా ఉంటుంది. ఈ రెండూ పక్కపక్కన పడితే జీన్స్ ఇంకా మోటుగా, కోటు ఇంకా పల్చగా కనిపిస్తాయి. రంగు కలిసిందా లేదా అనే నేను చూసుకున్నాను, గుడ్డ కలిసిందా అని చూసుకోవాలని నాకెవరూ చెప్పలేదు.

మాస్టారు అక్కడితో ఆగలేదు. సూటు కోటుకి, విడిగా వేసుకునే బ్లేజరుకి తేడాలు ఒక్కొక్కటీ వేలితో తాకి చూపించారు. సూటు కోటు భుజాల్లో మెత్తలు ఉంటాయి, ఛాతీ దగ్గర లోపల గట్టి గుడ్డ ఉంటుంది, అందుకే అది మనిషి లేకపోయినా నిలబడుతుంది. జేబులు లోపలికి కోసి, సన్నటి పట్టీతోనో పైన మూతతోనో ఉంటాయి. గుండీలు గుడ్డ రంగులోనే కలిసిపోతాయి. విడిగా వేసుకునే కోటైతే భుజం మెత్తగా, గుడ్డలో కాస్త నేత కనబడేలా ఉంటుంది. జేబులు చొక్కా జేబులాగా పైన అతికించి కుట్టినవి కావచ్చు. గుండీలు వేరే రంగులో, కొమ్ముతో చేసినవో లోహంవో ఉంటాయి. బ్లేజరన్న పేరు కేంబ్రిడ్జిలో పడవ పందేల క్లబ్బు కుర్రాళ్లు తొడుక్కున్న మంటలాంటి ఎర్ర కోట్ల నుంచి వచ్చిందని తర్వాత చదివాను. అంటే అది పుట్టడమే ఆటల బట్టగా పుట్టింది. సూటుకి తమ్ముడు కాదు, వేరే ఇంటి పిల్లాడు.

"మరి ఈ నల్ల సూటుని బిజినెస్ ఫార్మల్‌కైనా వేసుకోవచ్చా మాస్టారూ?"

"వేసుకోవచ్చు. కాకపోతే పగటి పూట మీటింగులో నలుపు కాస్త సాయంత్రం పార్టీలా ఉంటుంది. ముదురు బూడిద రంగు సూటు ఒకటి, నేవీ, అంటే ముదురు నీలం కోటు విడిగా ఒకటి చేయించుకోండి. సూటుకి ప్యాంట్లు రెండు కుట్టించుకోండి."

రెండు ప్యాంట్లు ఎందుకో నాకప్పుడు తెలీక ఒక్కటే చాలన్నాను. ఏడాది తిరిగేసరికి తెలిసింది. బూడిద రంగు ప్యాంటు నేవీ కోటుకింద బాగా నప్పుతుంది కాబట్టి దాన్ని విడిగా తెగ వేసుకున్నాను, తెగ ఉతికించాను. ఇప్పుడు సూటు మొత్తం వేసుకుంటే ప్యాంటు కోటు కంటే ఒక పిసరు వెలిసినట్టు ఎండలో తెలిసిపోతుంది. పెద్దవాళ్ల మాట, ఏం చేస్తాం.

కొలతల రోజు నేర్చుకున్నవి రెండు గట్టిగా గుర్తున్నాయి. ఒకటి భుజం. కోటులో నడుము బిగించొచ్చు, చేతుల పొడవు తగ్గించొచ్చు, భుజం మాత్రం ఒకసారి తప్పితే సరిచేయడం దాదాపు కొత్త కోటు కుట్టినంత పని. రెడీమేడ్ కోటు కొనేటప్పుడు గోడ పక్కన నిలబడి పక్కకి ఒరగమన్నారు మాస్టారు. మన చేయి కంటే ముందు కోటు భుజం గోడకి తగిలి నలిగితే అది మన కోటు కాదు. రెండోది చేతుల పొడవు. చేతులు కిందికి వదిలేసి నిలబడితే కోటు చేతి అంచు దాటి చొక్కా కఫ్ ఓ అర అంగుళం కనబడాలి. నా పాత నల్ల కోటు బొటనవేలి కణుపు దాకా వచ్చేది. అన్నయ్య కోటు వేసుకున్న తమ్ముడిలా ఇన్నాళ్లూ పెళ్లి ఆల్బంలో ఉన్నానన్నమాట!

నేవీ కోటు మాత్రం కుట్టించలేదు, రెడీమేడ్‌ది కొని మాస్టారితో చేతులు తగ్గించుకున్నాను. అక్కడా ఒక మెలిక ఉంది. కొన్ని కోట్లకి చేతి గుండీల దగ్గర కాజాలు నిజంగా కోసి, గుండీలు పెట్టి తీసేలా ఉంటాయి. అవి చూడ్డానికి దర్జాగా ఉంటాయి కానీ, కిందినుంచి పొడవు తగ్గిస్తే కాజా అంచుకి మరీ దగ్గరైపోతుంది. అప్పుడు చేతిని భుజం దగ్గర విప్పి పైనుంచి తగ్గించాలి, అది పెద్ద పని. నాది ఉత్త గుండీలు కుట్టిన రకం కాబట్టి రెండు రోజుల్లో పని అయిపోయింది.

కొత్త సూటుతో మొదటి బిజినెస్ ఫార్మల్ ప్రెజెంటేషన్ రోజు చెప్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ముందు టై. పొద్దున్నే లేచి వీడియో పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డాను. వీడియోలో అతని కుడి నా ఎడమ, అద్దంలో నా ఎడమ నా కుడి, మొత్తం కలిసి తల తిరిగిపోయింది. మొదటిసారి టై పొట్ట పైభాగానికే ఆగిపోయింది. రెండోసారి బెల్టు దాటి కిందికి వేలాడింది. ఏడో ఎనిమిదో ప్రయత్నానికి కొస సరిగ్గా బెల్టు బకిల్ మీదికి వచ్చింది. అప్పటికి చొక్కా కాలరు చెమటకి మెత్తబడిపోయింది. తర్వాత తెలుసుకున్న చిట్కా ఏంటంటే, వెడల్పు కొస ఎక్కడ మొదలుపెడితే సరిగ్గా వస్తుందో ఒకసారి చూసుకుని, సన్న కొస చొక్కా ఎన్నో గుండీ దగ్గరికి వచ్చిందో గుర్తుపెట్టుకోవాలి. నాకు నాలుగో గుండీ. అందరికీ అదే కాదు, మనిషి పొడవుని బట్టి, టై పొడవుని బట్టి మారుతుంది. ముడుల్లో ఫోర్ ఇన్ హ్యాండ్ ఒక్కటి వస్తే చాలని నా అభిప్రాయం. కాస్త వంకరగా, సన్నగా ఉంటుంది, ఆ వంకరే దానికి అందం. పెద్ద త్రికోణం ముడి నా చిన్న మొహం కింద గుమ్మడికాయలా ఉంటుంది.

సరే, టై కట్టుకుని వెళ్లాను. ప్రెజెంటేషన్ బాగానే జరిగింది. స్క్రీన్ వైపు తిరిగి చూపించడం, మళ్లీ వాళ్ల వైపు తిరగడం. అయిపోయాక మా మేనేజరు పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, "వెనక దారం ఉంది" అంది. కోటు వెనక కింద చీలిక ఉంటుంది కదా, అది నలగకుండా ఉండటానికి తెల్ల దారంతో ఇంటూ గుర్తులా తాత్కాలికంగా ఒక కుట్టు వేసి పంపిస్తారు. దాన్ని కత్తిరించి వేసుకోవాలి. నేను అరగంట సేపు పదిమందికి వీపు చూపించి, ఆ ఇంటూ గుర్తుని ప్రదర్శించాను. ఇంటికొచ్చి చూస్తే పై జేబు కూడా సన్న దారంతో మూసి కుట్టి ఉంది. అందులో పెన్ను పెట్టబోయి దూరకపోతే ఇది ఉత్తుత్తి జేబు కాబోలు అనుకున్నాను. నేవీ కోటు ఎడమ చేతి మీద కంపెనీ పేరున్న చిన్న గుడ్డ ముక్క కూడా అంతే. అది అలంకారం కాదు, విప్పేయాల్సిందే. మా బావ ఆ గుడ్డ ముక్క ఉంచుకునే రెండేళ్లు తిరిగాడు. అడిగితే "బ్రాండు కనబడాలి కదరా" అంటాడు. వాడితో వాదించలేం.

సాక్సులు ఇంకో కథ. నిలబడినంతసేపూ అంతా బాగుంది. కూర్చున్నాక ప్యాంటు పైకి జరిగి, తెల్లటి ఆటల సాక్సు, దాని పైన రెండు వేళ్ల మేర వెంట్రుకల కాలు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన మర్యాదగా కిటికీ వైపు చూశాడు. ఇప్పుడు ప్యాంటు రంగుకి దగ్గరగా ఉండే, పిక్కల దాకా వచ్చే సాక్సులు ఆరు జతలు ఉన్నాయి. అన్నీ ఒకటే రంగు, పొద్దున్నే జత వెతుక్కునే టెన్షన్ లేదు.

కింద గుండీ పెట్టకూడదన్న సంగతి కూడా ఆ రోజే తెలిసింది. రెండు గుండీల కోటుకి పైది పెడతాం, కిందిది వదిలేస్తాం. ఇంగ్లండు రాజు ఏడో ఎడ్వర్డ్ పొట్ట పెరిగి కింద గుండీ వదిలేస్తే, దర్బారు వాళ్లంతా అదే చేశారని ఒక కథ చెప్తారు. కథ నిజమో కాదో గానీ, ఇప్పటి కోట్లని కింద గుండీ పెట్టనట్టే కత్తిరిస్తారు. పెడితే నడుం దగ్గర లాగేసి ముడతలు పడుతుంది. కూర్చునేటప్పుడు పైది కూడా విప్పేయాలి, లేచేటప్పుడు పైది పెట్టుకోవాలి. రెండు వారాల్లో చేతికి అలవాటైపోయింది.

ఇక్కడిదాకా ఫార్మల్. నాకు ఫార్మల్ నేర్చుకోవడం తేలిగ్గానే వచ్చిందనిపిస్తుంది, ఎందుకంటే అందులో రూల్సు ఉన్నాయి. అసలు కష్టమంతా అందులోంచి కిందికి దిగడంలోనే.

ఒక గురువారం పొద్దున 10 గంటలకి బోర్డు రూంలో ప్రెజెంటేషన్, రాత్రి 7 గంటలకి అదే కస్టమర్లతో డిన్నర్. మొదటిది బిజినెస్ ఫార్మల్, రెండోది స్మార్ట్ క్యాజువల్. ఇంటికెళ్లి వచ్చే టైం లేదు. నాకేం, టై తీసేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. సాయంత్రం వాష్‌రూంలో టై తీసి జేబులో పెట్టుకుని, పై గుండీ విప్పి అద్దంలో చూసుకుంటే, డిన్నర్‌కి వెళ్తున్నవాడిలా లేను. ఉద్యోగంలోంచి తీసేస్తే ఇంటికి వెళ్తున్నవాడిలా ఉన్నాను.

ఎందుకలా ఉందో వెంటనే తెలియలేదు. డిన్నర్లో మిగతావాళ్లని చూస్తూ కూర్చున్నాను, తినడం కంటే అదే ఎక్కువ చేశాను. ముందు నా కాలరు. టై కోసం చేసిన కాలరు కొసలు దూరంగా, పక్కలకి విచ్చుకుని ఉంటాయి. ముడికి చోటు కావాలి కాబట్టి అలా చేస్తారు. ముడి తీసేశాక దాన్ని ఆపేది ఏదీ లేదు, కోటు అంచు కిందికి జారి వాలిపోయింది. దానికి తోడు, కాలరు కొసల లోపల దూర్చే ప్లాస్టిక్ పుల్లలు ఉతికేటప్పుడు తీసి ఎక్కడో పడేశాను. తర్వాత చొక్కా గుడ్డ. తెల్లటి నున్నటి పాప్లిన్, టై లేకపోతే బోసిగా కనబడుతుంది. ఆపై నా నల్లటి లేసుల బూట్లు అద్దంలా మెరుస్తున్నాయి. పైన టై లేకుండా వదులుగా, కింద కవాతుకి వెళ్తున్నట్టు. పైకీ కిందికీ పొత్తు కుదరలేదు.

ఎదురు వరుసలో ఒకాయన ఉన్నాడు. నేవీ కోటు, బూడిద ప్యాంటు. పొద్దున టై కట్టుకున్నప్పుడు చూసిన మనిషే. కానీ సాయంత్రం మనిషి మారిపోయాడు. కళ్లు పెట్టి చూస్తే మార్చినవి రెండే. చొక్కా లేత నీలం ఆక్స్‌ఫర్డ్ గుడ్డది, కాలరు కొసలకి చిన్న గుండీలున్నది. బూట్లు గోధుమ రంగు లోఫర్లు, లేసుల్లేనివి. కోటు అదే, ప్యాంటు అదే.

ఆ గుండీల కాలరు సంగతి తర్వాత తెలుసుకున్నాను. పోలో ఆటగాళ్లు గుర్రం మీద పరిగెడుతుంటే కాలరు ఎగిరి మొహానికి తగలకుండా గుండీలతో బిగించుకునేవాళ్లట. 19వ శతాబ్దం చివర అమెరికాలో బ్రూక్స్ బ్రదర్స్ అనే బట్టల కంపెనీ వాళ్లు ఆ ఆలోచనని మామూలు చొక్కాలకి తెచ్చారు. మళ్లీ ఆటల బట్టే! గుండీలు ఉండటం వల్ల టై లేకపోయినా కాలరు వాలిపోదు. ఆక్స్‌ఫర్డ్ గుడ్డ కాస్త మందంగా, గింజగింజగా ఉంటుంది, కొంచెం నలిగినా అది నలిగినట్టు కాక సౌకర్యంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

బూట్ల విషయంలో నాకు ఆక్స్‌ఫర్డ్ అన్నా డెర్బీ అన్నా ఒకటే అనిపించేది. లేసులు కట్టే రెండు పట్టీలు ముందు తోలు కిందికి పోయి మూసుకుని ఉంటే ఆక్స్‌ఫర్డ్, ముందు తోలు మీదకి వచ్చి తెరుచుకుని ఉంటే డెర్బీ. మూసుకున్నది ఎక్కువ ఫార్మల్, తెరుచుకున్నది ఒక మెట్టు తక్కువ. తోలుకి చిల్లుల డిజైన్ ఉంటే ఇంకొంచెం తక్కువ, లేసులే లేని లోఫర్లు ఇంకా తక్కువ. నలుపు నుంచి గోధుమ రంగుకి దిగినా ఒక మెట్టు దిగినట్టే. బూట్లు మారిస్తే బెల్టు కూడా ఆ రంగుదే ఉండాలి. అది మర్చిపోయి ఒకసారి నల్ల బెల్టు, గోధుమ బూట్లతో వెళ్లాను. నన్నెవరూ ఏమీ అనలేదు కానీ నేను మాత్రం కోటు ముందుకి లాక్కుంటూ కూర్చున్నాను.

తర్వాతి నెల మళ్లీ అలాంటి రోజే వచ్చింది. ఈసారి బ్యాగులో ఒక లేత నీలం ఆక్స్‌ఫర్డ్ చొక్కా, మడతలు పడకుండా పుస్తకం చుట్టూ చుట్టి పెట్టుకున్నాను. గుడ్డ సంచిలో లోఫర్లు, వాటిలో చుట్టి పెట్టిన గోధుమ బెల్టు. పొద్దున బూడిద సూటు కోటు కాకుండా నేవీ కోటు, బూడిద ప్యాంటు, తెల్ల చొక్కా, ముదురు టైతో వెళ్లాను. గట్టిగా చూస్తే అది పూర్తి బిజినెస్ ఫార్మల్ కాదు, సూటు సూటే. కానీ ఆ కస్టమర్లు సూట్ల మనుషులు కారని రెండు మీటింగుల్లో చూశాను కాబట్టి ధైర్యం చేశాను. సాయంత్రం వాష్‌రూంలో చొక్కా, బెల్టు, బూట్లు మార్చుకున్నాను. ఆరు నిమిషాలు పట్టింది, అందులో మూడు నిమిషాలు ఒంటికాలి మీద నిలబడి తడి నేల మీద సాక్సు పడకుండా చూసుకోవడానికే. పై జేబులో తెల్ల రుమాలు ఉంటే దాన్ని తీసేశాను. బయటికి వచ్చాక నడకే తేడాగా ఉంది.

ఒకేసారి అన్నీ దించితే తేలిపోతాం, ఒక్కటే దించితే తెగిపోతాం. నాకు సరిపడింది రెండు. ఏ రెండు అంటే, నా ఓటు ఎప్పుడూ చొక్కాకి, బూట్లకి. కోటుని ముట్టుకోను. మా బావ మాత్రం కోటు తీసి చేతులు మడిస్తే చాలంటాడు. వాడు మడిచే తీరు కూడా నాకు నచ్చదు, పట్టీ పట్టీగా చుట్టుకుంటూ మోచేయి దాకా పోతాడు, పది నిమిషాల్లో జారిపోతుంది. నేను కఫ్‌ని ఒకేసారి మోచేయి కిందిదాకా తిప్పేసి, కింద మిగిలిన గుడ్డని పైకి ఒక్క మడత వేస్తాను, కఫ్ అంచు కొంచెం బయటికి కనబడేలా. అది రాత్రంతా కదలదు.

కింద వేసుకునేదాని గురించి పెద్దగా చెప్పడానికి లేదు. బూడిద ఉన్ని ప్యాంటు నుంచి ఒక మెట్టు దిగాలంటే చినోలు, అంటే నూలు గుడ్డ ప్యాంట్లు. ఇంకో మెట్టు దిగాలంటే చిరుగులు, వెలిసిన మచ్చలు లేని ముదురు నీలం జీన్స్, అదీ మీటింగు మనుషులు తెలిసినవాళ్లైతేనే. పొడవు మాత్రం ముఖ్యం. ప్యాంటు అంచు బూటు మీద పడి ఒక్క చిన్న మడత పడితే చాలు. నా పాత ప్యాంట్లన్నీ మడమ దగ్గర అకార్డియన్‌లా కుప్పపడేవి. మాస్టారు వాటన్నిటినీ ఒక్కో అంగుళంన్నర కత్తిరించాక, కొత్తవి కొన్నావా అని మా ఆవిడే అడిగింది.

ఈ బిజినెస్ క్యాజువల్ గొడవ ఎక్కడినుంచి వచ్చిందా అని ఒక రాత్రి తవ్వాను. 1960ల్లో హవాయిలో శుక్రవారం పూట ఆఫీసులకి పూల చొక్కాలు వేసుకునే ఆనవాయితీ మొదలైంది. 1992లో జీన్స్ తయారుచేసే లెవీ స్ట్రాస్ కంపెనీ ఆఫీసులో క్యాజువల్‌గా ఎలా తయారవ్వాలో చెప్పే చిన్న గైడు అచ్చేసి అమెరికాలో వేలమంది హెచ్ఆర్ మేనేజర్లకి పంపింది. జనం ఆఫీసుకి క్యాజువల్ పేరుతో మరీ ఎలాపడితే అలా వస్తున్నారని మేనేజర్లు తలపట్టుకున్న రోజులవి. ఆ గైడులో ఉన్నది వాళ్లు అమ్మే చినోల్లాంటి బట్టలే. ప్యాంట్లు అమ్మేవాళ్లు రాసిన రూలు మన మెయిళ్ల చివర ఇంకా తిరుగుతోందన్నమాట. అది తెలిశాక ఆ మాటకి భయపడటం తగ్గింది.

ఒకే ఒక్కసారి బ్లాక్ టై ఆహ్వానం వచ్చింది. అది వేరే లోకం, అక్కడ నా మెట్ల లెక్క పనిచేయదు. ఉంటే టక్సీడో అనే సాయంత్రపు విందు సూటు, లేకపోతే లేదు. దాని పేరు న్యూయార్కు దగ్గర టక్సీడో పార్క్ నుంచి వచ్చింది, 1880ల్లో. బెల్టు ఉండదు, ప్యాంటు పక్కన పట్టు చార ఉంటుంది, టై బదులు బో. అద్దెకి తెచ్చుకుని, వేసుకుని, తిరిగి ఇచ్చేశాను. నల్ల సూటుకి బో కట్టి నెట్టుకొద్దామని ఒక క్షణం అనిపించింది కానీ, ఆ ఒలికిన ప్యాంటు ప్రశ్న గుర్తొచ్చింది.

ఇప్పుడు ఏ ఆహ్వానం వచ్చినా మూడు పనులు చేస్తాను. పిలిచినవాళ్లని సూటిగా అడుగుతాను, అడగడం సిగ్గు కాదు. వీలైతే కిందటేడు ఫోటోలు చూస్తాను. ఎటూ తేలకపోతే ఒక మెట్టు పైకే వెళ్తాను, ఎందుకంటే టై తీసి జేబులో పెట్టుకోవచ్చు, లేని కోటుని మాత్రం అప్పటికప్పుడు పుట్టించలేం. నల్ల సూటు బీరువాలో వెనక్కి పోయింది. కోట్లని వేసుకున్న మర్నాడు ఖాళీగా వదిలేస్తాను, వెడల్పు హ్యాంగర్‌కి తగిలించి బ్రష్ చేస్తాను. ప్రయాణంలో నలిగితే వేడినీళ్ల ఆవిరి ఉన్న స్నానాల గదిలో పావుగంట వేలాడదీస్తాను, ఉన్ని తనంతట తానే సర్దుకుంటుంది.

వచ్చే శనివారానికి ఒకటి వచ్చింది. డ్రెస్ కోడ్ దగ్గర "ఫెస్టివ్ స్మార్ట్" అని రాసి ఉంది. వెంటనే ఫోన్ చేశాను.

"ఏమండీ, ఫెస్టివ్ స్మార్ట్ అంటే ఏం వేసుకోవాలి? మీరేం వేసుకుంటున్నారు?"

అటువైపు కాసేపు మౌనం. "మీకేమైనా తెలిస్తే చెప్పండి సార్. కార్డు డిజైన్ చేసినవాళ్లు రాశారు, మేం కూడా అదే ఆలోచిస్తున్నాం."

నేవీ కోటు తీసి బ్రష్ చేసి తలుపుకి తగిలించాను. చొక్కా తేలింది, బూట్లు ఇంకా తేలలేదు.